మానేసినవాళ్లు కూర్చునే చోటు

(బందరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మద్యం గురించి మాట్లాడమన్నారు. మన సంస్థకు ఇది కొత్త విషయం కాదు. బడి పక్కన దుకాణం పెట్టారని ధర్నాలు చేశాం. బెల్టు షాపుల మీద కలెక్టరుకు అర్జీలిచ్చాం. తాగి కొట్టిన కేసుల్లో స్టేషన్ల చుట్టూ తిరిగాం. అవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి ఎక్కువగా వెళ్లను. మన దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఈమధ్య ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. దానికి మన జిల్లాలో ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకడం లేదు. ఇవాళ దాని గురించే చెబుతాను.

పోయిన చలికాలంలో దివిసీమ నుంచి ఒక చెల్లెలు మన ఆఫీసుకు వచ్చింది. పేరూ ఊరూ చెప్పను. భర్త సముద్రం మీద వేటకు పోతాడు, వేట లేని రోజుల్లో రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాస్తాడు. మామూలుగా మన దగ్గరికి వచ్చేవాళ్లు దెబ్బలు చూపిస్తారు, తాకట్టులో పోయిన బంగారం లెక్క చెబుతారు. ఈమె అవేమీ చెప్పలేదు. "అక్కా, మాయన తాగుడు మానేశాడు. పదకొండు రోజులైంది. మానేసినోళ్లంతా వారానికోసారి ఒకచోట కూచుంటారంట గదా, ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ చెప్పింది. ఆ కూచునే చోటు ఎక్కడక్కా?" అని అడిగింది.

ఆమె అడిగింది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు గురించి. పేరు తెలియకపోయినా అదేమిటో ఆమెకు సరిగ్గానే అర్థమైంది.

వెతకడం మొదలుపెట్టాం. ఆసుపత్రిలో అడిగితే మందులు రాయడం వరకే మా పని అన్నారు. ఒక పాస్టరుగారు ప్రార్థనకు తీసుకురమ్మన్నారు. ఒక పెద్దమనిషి గుళ్లో ఒట్టు వేయిద్దామన్నాడు. తాగుడు మాన్పిస్తామని గోడల మీద రాయించుకున్న ఒక సెంటరుకు ఫోను చేస్తే, నెలకు ఇంతని రేటు చెప్పి, "అడ్రసు చెప్పండమ్మా, బండి పంపిస్తాం, మావాళ్లే ఎత్తుకొస్తారు" అన్నారు. ఆ మనిషి తనంతట తాను మానేశాడయ్యా అంటే ఆ గొంతుకు అర్థం కాలేదు. మానేసిన మనిషికి వాళ్ల దగ్గర సరుకు లేదు మరి.

చివరికి ఆచూకీ చెప్పింది గుడివాడలో ఉంటున్న ఒక రిటైరైన ఉద్యోగి. ఆయన మానేసి చాలా ఏళ్లయింది. వారం వారం రైలెక్కి విజయవాడ వెళ్లి, మీటింగులో కూర్చుని వస్తాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకండీ వెళ్లడం అని అడిగాను. "బీపీ తగ్గిందని బిళ్ల మానేస్తామా అమ్మా?" అన్నాడు.

బయటివాళ్లు కూడా వచ్చి వినగలిగే మీటింగులు కొన్ని ఉంటాయి, ఓపెన్ మీటింగులంటారు. అలాంటిదానికి నేనూ వెళ్లి కూర్చున్నాను. ఒక గది, ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఫీజు లేదు. పేరు రాసుకునే రిజిస్టరు లేదు. డాక్టరు లేడు, ఉపన్యాసం లేదు. ఒక్కొక్కరు లేచి తన పేరు చెప్పి, నేను తాగుబోతును అని చెప్పి, తన సంగతి తాను చెబుతాడు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డు రారు, సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. మన ఊళ్లలో పదిమంది మగవాళ్లు కూర్చుని, ఒకరు మాట్లాడుతుంటే మిగతా తొమ్మిదిమంది నోరు మూసుకుని వినడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడ చూశాను. ఒకతను కూతురి ఫీజు డబ్బు తాగేసిన సంగతి చెప్పాడు. ఏడవలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు. నీళ్ల బిల్లు కట్టానన్నట్టు చెప్పాడు. అలా చెప్పగలగడానికి అతనికి ఎన్ని వారాలు పట్టిందో అనుకున్నాను.

అక్కడ జీవితాంతం తాగనని ఎవరూ ఒట్టు పెట్టరు. ఇవాళ ఒక్క రోజు తాగను అంటారు, రేపు మళ్లీ అదే మాట. ఖర్చులకు మధ్యలో ఒక సంచి తిరుగుతుంది, ఇష్టమున్నవాళ్లు అందులో వేస్తారు. బయటివాళ్ల విరాళం ముట్టరు. అక్కడ విన్నది అక్కడే వదిలేసి రావాలి.

ఇక దారి సంగతి. విజయవాడలో సాయంత్రం మీటింగు అయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. గుడివాడ మనిషికి రైలుంది, బందరు మనిషికీ ఎలాగో దొరుకుతుంది. దివిసీమకు రైలే లేదు. నాగాయలంక దాకా బస్సులో రెండు గంటల పైమాటే, అర్ధరాత్రి దిగితే అక్కడి నుంచి ఊరికి ఆటో ఉండదు. ఒక పూట కూలి పోతుంది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సులో టిక్కెట్టు లేదు. భార్యకు ఉచితం, తాగుడు మానిన భర్తకు మాత్రం టిక్కెట్టు. ఆ చెల్లెలే నవ్వుతూ అంది ఈ మాట. ఇద్దరూ రెండు వారాలు వెళ్లారు. మూడో వారం వెళ్లలేకపోయారు.

ఈ సంఘం ఎలా పుట్టిందో కొంచెం చెబుతాను, మనకు పనికొచ్చే కథ. 1935లో అమెరికాలో ఆక్రాన్ అనే ఊళ్లో, న్యూయార్కు నుంచి వ్యాపారం పని మీద వచ్చిన బిల్ అనే ఆయన హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. వచ్చిన పని చెడిపోయింది. మానేసి కొద్ది నెలలే అయింది. పక్కనే బారు. లోపలికి పోకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి, హోటల్లో ఉన్న చర్చీల జాబితా చూసి ఫోన్లు చేశాడు. అలా ఒకరి నుంచి ఒకరికి పోయి హెన్రియెటా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. ఆవిడే తన ఇంట్లో అతన్నీ, ఆ ఊరి డాక్టరు బాబ్‌నూ కలిపి కూర్చోబెట్టింది. ఆ డాక్టరు ఆఖరుగా తాగిన రోజు 1935 జూన్ 10. దాన్నే సంఘం పుట్టినరోజుగా లెక్కిస్తారు. చూశారా, మొదటి మీటింగుకు కావలసి వచ్చింది మానాలనుకున్న ఇద్దరు మనుషులు, తలుపు తీసిన ఒక స్త్రీ. మన చెల్లెలు బందరులో చేసిన పనీ, ఆయన ఆ హోటల్లో చేసిన పనీ ఒకటే.

ఇప్పుడు మన చరిత్రకు వద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాలు నేర్చుకుంటూ చదివిన పాఠం నుంచి వాళ్లకా ఆలోచన వచ్చింది. రోశమ్మ పేరు మనందరికీ తెలుసు. ఊరూరా ఆడవాళ్లు సారా పొట్లాలు తగలబెట్టారు, వేలంపాటలు ఆపారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకారం రోజునే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. మన నిమ్మకూరు మనిషి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి గెలిచినవారు. అంతకుముందు 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారాను పొట్లాల్లో ఊరూరికీ చేర్చింది కూడా ఆయన ప్రభుత్వమేనని గుర్తు పెట్టుకోవాలి. నిషేధం 1995 జనవరి 16న అమల్లోకి వచ్చింది, 1997లో పోయింది. తర్వాత 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువాళ్ల చేతికి పోయాయి.

ముప్పై ఏళ్లుగా ప్రభుత్వాలు మారినప్పుడల్లా దుకాణం ఎవరు నడపాలి, సీసా ఎంతకు అమ్మాలి అనే దాని మీదే చర్చ. మనం కూడా దుకాణం గుమ్మం ముందే నిలబడ్డాం. నిలబడటం సరైనదే, ఇంకా నిలబడతాం. కానీ 1995 జనవరి 17 ఉదయం రాష్ట్రంలో లక్షల మంది చేతులు వణుకుతూ లేచారు గదా, వాళ్లను ఎవరు పట్టించుకున్నారు? ఇంట్లో వాళ్ల ఆడవాళ్లే. వాంతులు ఎత్తిపోసిందీ, రాత్రంతా నిద్రలేకుండా కాపలా కాసిందీ, నాటుసారా ఎక్కడ దొరుకుతుందా అని పరుగెత్తే మనిషికి అడ్డం పడిందీ వాళ్లే. నిషేధం చట్టం రాసినవాళ్లు మాన్పించే పనిని ఇంటి చాకిరీ కింద లెక్క వేసి వదిలేశారు.

2019లో కేంద్రప్రభుత్వం వెలువరించిన సర్వేలో ఒక లెక్క ఉంది. దేశంలో మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స పొందారు. ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నవాళ్లు 180 మందికి ఒక్కరు. మిగిలిన ముప్పై ఏడుగురినీ ఎవరు చూసుకుంటున్నారో వేరే సర్వే అక్కర్లేదు.

మానడం తెలియని మనుషులా మనవాళ్లు? కార్తీకమాసం వస్తే చూడండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. మా పేటలో ఒకతను పదేళ్లుగా ప్రతి ఏడాదీ మాల వేస్తాడు. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో పండగే. భార్య వాళ్లమ్మకు ఫోను చేసి "నాకు ఇదే సంక్రాంతమ్మా" అంటుంది. కొండ నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మళ్లీ మొదలు. క్రైస్తవ పేటల్లో శ్రమల నలభై రోజులు కూడా ఇంతే.

దీన్ని మనం భక్తి అనో దొంగభక్తి అనో కొట్టిపారేస్తుంటాం. నేను ఇంకోలా చూడమంటాను. ఆ నలభై ఒక్క రోజులూ అతనికి ఏముంది? తెల్లవారుజామున లేపే నలుగురున్నారు. కలిసి స్నానం, కలిసి భజన, కలిసి భిక్ష. ఎదురుపడ్డవాడల్లా 'స్వామీ' అని పిలుస్తాడు. నల్లబట్టలు చూసి దుకాణంవాడే రావద్దంటాడు. పాత స్నేహితులు బలవంతం చేయరు. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒక్కసారే పోతాయి. మళ్లీ అదే అరుగు, అదే స్నేహితులు, 'ఏరా' అనే పిలుపు. మాన్పించింది ఆ గుంపే అయితే, గుంపు చెదిరిపోయాక మనిషి నిలబడలేదని తిట్టి ఏం లాభం? నలభై రెండో రోజుకు ఒక చోటు కావాలి. మీటింగంటే అదే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి, మీరు ఊళ్లకు వెళ్లి చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, ఒళ్లంతా చెమట, వణుకు. దాన్ని గాలి సోకిందనీ, దెయ్యమనీ మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. 'ఒక పెగ్గు పొయ్యండి, తగ్గుతుంది' అనే పెద్దమనుషులూ ఉంటారు. ఆ మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కొద్దిరోజులు మందులతో, బి1 విటమిన్ ఇంజక్షన్లతో మెల్లగా దాటించవచ్చు. మన చెల్లెలి భర్తకు రెండో రోజే ఫిట్సొచ్చాయి. ఆమె మంత్రగాడి దగ్గరికి వెళ్లకుండా 108కి ఫోను చేసింది, అందుకే పదకొండో రోజు లెక్కపెట్టుకోగలిగింది. కాబట్టి మీటింగు ఆసుపత్రికి బదులు కాదు. ఆసుపత్రి ఐదు రోజులు దాటిస్తుంది, తర్వాతి యాభై వారాలు మీటింగు.

ఇంకో ముచ్చట. 'తెలియకుండా తాగుడు మాన్పించే పొడి' అని గోడల మీదా ఫోన్లలోనూ ప్రకటనలు చూస్తుంటారు. కూరలో కలిపిపెట్టండి, పదిరోజుల్లో మానేస్తాడని. ఆ పొడిలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే బిళ్ల ఒకటుంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండెకు కూడా ముప్పు రావచ్చు. అందుకే మనిషికి అన్నీ వివరించి, ఒప్పుకున్నాకే ఇస్తారు. అలాంటిది కూరలో కలిపితే ఏమవుతుంది? అతనికేదన్నా అయితే కేసు కూర కలిపిన భార్య మీదే పడుతుంది. తెగించి కొనే ఆడవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకు ఇంకో దారి ఎవరు చూపించారు గనక. అమ్మేవాళ్లను మాత్రం పట్టుకోవాలి.

సరే, భార్య సంగతి. అతని మీటింగు అతనికి. ఆమెకో? మా పనిలో నేను రోజూ వినే మాట, "నువ్వు సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడమ్మా" అని. అత్తగారంటుంది, ఆడపడుచంటుంది, ఒక్కోసారి కన్నతల్లే అంటుంది. ఇన్నేళ్లు విని విని ఆమె కూడా నమ్మేస్తుంది. ఆ బిల్ భార్య లోయిస్, ఇంకో స్నేహితురాలితో కలిసి 1951లో తాగేవాళ్ల కుటుంబాలకు అల్-అనాన్ అనే సంఘం మొదలుపెట్టింది. భర్తలు లోపల మీటింగులో కూర్చుంటే, భార్యలు బయట ఎదురుచూస్తూ మాట్లాడుకున్న మాటల్లోంచి పుట్టిందది. అక్కడ మొట్టమొదట నేర్చుకునేది, అతని తాగుడుకు కారణం నేను కాదు, దాన్ని అదుపు చేసేదీ నేను కాదు అని. మన అమ్మలక్కలు ఆ ఒక్క మాట నలుగురి మధ్య కూర్చుని వింటే ఎంత బరువు దిగుతుందో ఆలోచించండి. అతను మానినా మానకపోయినా ఆమె మీటింగు ఆమెకు ఉండాలి.

అయితే ఒక హెచ్చరిక. తాగుడు జబ్బు అనే మాట నిజమే, డాక్టర్లూ అదే అంటారు. ఆ మాటను పట్టుకుని "జబ్బు మనిషమ్మా, కొట్టినా ఓర్చుకో" అంటే ఒప్పుకునేది లేదు. తాగని మగవాళ్లూ కొడుతున్నారు, తాగి కూడా చెయ్యెత్తనివాళ్లున్నారు. కొట్టడం జబ్బు లక్షణాల్లో లేదు. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. తాగి కొట్టినా తాగకుండా కొట్టినా అది వర్తిస్తుంది. 181కి ఫోను చేయడానికి ఆమె అతను మానేదాకా ఆగనక్కర్లేదు. మీటింగుకు వెళ్తున్నాడు కదా, కేసు వెనక్కి తీసుకోమని ఎవరన్నా అడిగితే, ఆ రెండిటికీ సంబంధం లేదని చెప్పండి.

తాగే ఆడవాళ్ల గురించి ఈ సభలో కూడా మనం గొంతు తగ్గించి మాట్లాడతాం. చేలల్లో, చెరువుల్లో నడుములిరిగే పని చేసి కల్లో మందో తాగే ఆడవాళ్లున్నారు. గుట్టుగా ఇంట్లో తాగేవాళ్లూ ఉన్నారు. మగవాడు తాగితే బలహీనత, ఆడది తాగితే బరితెగింపు. నేను వెళ్లిన మీటింగులో అందరూ మగవాళ్లే. అక్కడికి ఒంటరిగా వెళ్లి 'నేను తాగుబోతును' అని చెప్పగల ఆడమనిషి ఎవరు? ఆ మీటింగుల మొదటి మెట్టు, మద్యం ముందు నేను శక్తిలేనిదాన్నని ఒప్పుకోవడం. అధికారం అలవాటైన మగవాడికి అది మంచి మందే. పుట్టినప్పటి నుంచి నీకు శక్తి లేదు, నోరు లేదు అని విన్న ఆడదానికి అదే మాట మళ్లీ చెబితే ఏం ఉపయోగం? అమెరికాలోనే జీన్ కర్క్‌పాట్రిక్ అనే ఆవిడకు ఈ అనుమానం వచ్చి, 1975లో ఆడవాళ్లకే వేరే సంఘం పెట్టింది. మనం మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్లకు విడిగా ఒక పూట ఉంచాలని నా అభిప్రాయం.

ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. ఆ సంఘం మద్యనిషేధం కావాలనదు, వద్దనదు. బయటి వివాదాల్లో తలదూర్చకూడదని వాళ్ల నియమం. మనకు నిషేధం మీద అభిప్రాయం ఉంది, ఉద్యమం ఉంది. కాబట్టి ఆ గది మీద మన బోర్డు ఉండకూడదు. తలుపు మనం తీయిద్దాం, లోపల కూర్చునేది వాళ్లు.

పల్లెటూళ్లో ఇదంతా జరుగుతుందా అనే అనుమానం మీకు వచ్చే ఉంటుంది. మన పక్క రాష్ట్రంలో జరిగింది. మద్రాసులో శాంతి రంగనాథన్ అనే ఆవిడ, తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో ఆయన పేరుతోనే చికిత్సా సంస్థ స్థాపించింది. 1992లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. నగరంలో ఆసుపత్రి పెట్టి ఊరుకోలేదు. కావేరి డెల్టాలో మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు నడిపింది. ఊళ్లోనే ఒక చోట పదిహేను రోజులు ఉంచి, మందులు ఇచ్చి, భార్యలకు కూడా వేరే తరగతులు పెట్టి, ఊరివాళ్లను అందులో కలుపుకుని చేసిన పని. 1994లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో దాని గురించి రాసింది కూడా. కావేరి డెల్టాలో వరి పండించే ఊళ్లో జరిగింది కృష్ణా డెల్టాలో ఎందుకు జరగదు?

హక్కు సంగతి చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక జబ్బుల్లోనే చేర్చింది. ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే చోట చికిత్స పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందని 18వ సెక్షన్ చెబుతోంది. అందుబాటు దూరంలో, భరించగల ఖర్చుతో, కులం మతం ఆడ మగ భేదం లేకుండా అని రాసి ఉంది. అదే చట్టం ప్రకారం బండి పంపించి మనుషుల్ని ఎత్తుకుపోయి గొలుసులు వేయడం నేరం. 2022లో జిల్లాలు విడదీశాక కూడా బందరే మన కృష్ణా జిల్లా కేంద్రం, కలెక్టరుగారు ఇక్కడే ఉన్నారు. అర్జీ తీసుకుని విజయవాడ వెళ్లనక్కర్లేదు. దుకాణాల మీద ఇచ్చే ప్రతి అర్జీలోనూ ఇక నుంచి రెండో పేరా ఉండాలి: అవనిగడ్డ, గుడివాడ, బందరు ఆసుపత్రుల్లో మాన్పించే వైద్యం, ఆ తర్వాత కూర్చునే గది.

గది ఎక్కడ అనేది చిన్న విషయం కాదు. రామమందిరంలో పెడితే మాలపల్లె మనిషి రాడు, రానివ్వరు కూడా. చర్చి గదిలో పెడితే మిగతావాళ్లు మతం మారుస్తారంటారు. పంచాయతీ ఆఫీసులో పెడితే సర్పంచి పార్టీ కానివాడు రాడు. దివిసీమలో తుఫాను షెల్టర్లున్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని మింగింది, ఆ తర్వాతే షెల్టర్ల అవసరం అందరికీ తెలిసొచ్చింది. తుఫాను లేని రోజుల్లో అవి ఖాళీగానే ఉంటాయి. ఏ కులానిదీ, ఏ గుడిదీ కాని కప్పు అది. నాకైతే అంతకంటే మంచి చోటు కనబడలేదు.

రోజు కూడా చూసుకోవాలి. పెడన నేతవాళ్లకూ, కలంకారీ పనివాళ్లకూ, చిలకలపూడి గిల్టునగల పనివాళ్లకూ వారం కూలి చేతికందిన సాయంత్రమే గండం. మీటింగు ఆ సాయంత్రమే పెట్టాలి. గిలకలదిండి వేటవాళ్లకు వారం లెక్క కుదరదు, సముద్రం మీద ఉంటారు. వాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంటి దగ్గరే ఉంటారు, తాగుడు ఎక్కువయ్యేదీ అప్పుడే. వాళ్లను కూర్చోబెట్టడానికి కుదిరేదీ అప్పుడే. ఇక కూర్చోవడం, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం, ఉన్నమాట పుస్తకంలో రాయకుండా కడుపులో దాచుకోవడం ఎలాగో మన డ్వాక్రా ఆడవాళ్లను అడగండి. ముప్పై ఏళ్లుగా చేస్తున్నారు.

ఆ చెల్లెలి భర్త సంగతి అడుగుతారని తెలుసు. సంక్రాంతికి మళ్లీ తాగాడు. రెండు రోజులు తాగి, మూడో రోజు తనే గుడివాడ ఆయనకు ఫోను చేశాడు. ఆయన రైలు దిగి, బస్సెక్కి అవనిగడ్డ వచ్చాడు. ఇద్దరూ బస్టాండు పక్కన టీకొట్టు బెంచీ మీద గంటన్నర కూర్చున్నారు. అప్పటి నుంచి వేటకు పోని ఆదివారాలు అక్కడే కూర్చుంటున్నారు. మొన్నటికి నలుగురయ్యారు. టీకొట్టాయన బేరాలకు అడ్డమవుతోందని గొణుగుతున్నాడట.

దీనికి ఒక గది కావాలి. షెల్టరు తాళాలు ఎవరి దగ్గరుంటాయో అవనిగడ్డ, నాగాయలంక నుంచి వచ్చినవాళ్లు కనుక్కుని ఉంటే భోజనాలయ్యాక నాతో కూర్చోండి. తహసీల్దారుకు ఇవ్వాల్సిన కాగితం రాసి తెచ్చాను, సంతకాలు చేద్దాం. ఈలోగా మీ ఊళ్లో ఎవరన్నా మానాలనుకుంటే 14446కి ఫోను చేయమనండి, డబ్బులు పడవు. మనసు బాగాలేదన్నవాళ్లకు 14416 కూడా ఉంది. ఆ రెండు నంబర్లూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఆ పొడి ప్రకటన ఉన్న గోడ మీదైతే ఇంకా మంచిది.